పనస చెట్టు కింద హెచ్‌సీ-ఎస్ఆర్501: కెమెరాని నొక్కే చవక సెన్సార్

ఓపిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. రాత్రిపూట పెరట్లోకి ఏం వస్తోందో ఫోటో తీయాలి, ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ ఒకటి ఖాళీగా పడుంది, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చు అంటే ఒంటి వేడి కదలికని పసిగట్టే ఈ పీఐఆర్ సెన్సార్ కళ్ళు మూసుకుని కొనండి. వంద రూపాయల లోపు వస్తువుకి ఇంతకన్నా ఆశించడం అన్యాయం. ఎగిరే పిట్టని పట్టాలి, పిడుగుని పట్టాలి, మే నెల మిట్టమధ్యాహ్నం ముంగిసని పట్టాలి అంటారా, దీని జోలికి పోకండి. దాని పని అది కాదు.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలోదే అయినా పక్కనే పాతపట్నం, కాబట్టి నా ఫోటో స్టూడియోలో సగం బేరాలు తెలుగులో, సగం ఒడియాలో నడుస్తాయి. పెళ్ళిళ్ళకి కొత్త కెమెరాలు వచ్చాక పాత కెనాన్ 1200డి బీరువాలో చేరింది. అమ్ముదామంటే అడిగేవాడు లేడు. ఇక పెరట్లో పనస చెట్టు. కాయలు చెట్టు మానుకే, మోకాలెత్తున కాస్తాయి. పండు వాసన వచ్చిన రాత్రే ఎవరో తొక్క చీల్చి, తొనలు తినేసి, గింజలు చెట్టు కింద పోసి పోతున్నారు. ఎలుకలని మా అమ్మ. కోతులని పక్కింటి మావయ్య.

"కోతులు రాత్రి పడుకుంటాయి మావయ్యా."

"మనూరి కోతులు పడుకోవురా."

ఈ వాదన తేల్చడానికే ఇదంతా.

బరంపురంలో విడిభాగాలు అమ్మే ఒక చిన్న కొట్టులో సెన్సార్ తీసుకున్నాను. "మెట్ల మీద లైటుకా బాబూ?" అని అడిగాడు కొట్టాయన, చేతిలో పని ఆపకుండానే. ఈ మాడ్యూల్ కొనేవాళ్ళు ఎక్కువమంది దానికే కొంటారు, మనిషి వస్తే లైటు వెలగడానికి. కెమెరాకి అన్నాక తలెత్తి చూసి, అడక్కుండానే పీసీ817 ఆప్టోకప్లర్లు, అంటే వెలుగుతో పనిచేసే చిన్న స్విచ్ చిప్‌లు, రెండు పొట్లంలో వేశాడు. ఆన్‌లైన్‌లో కాస్త చవకే గానీ ఇది కూడా కావాలని అక్కడ ఎవరూ చెప్పరు.

ఇక వస్తువు సంగతి. ముందువైపు పాలరంగు ప్లాస్టిక్ బుడగ, వెనక చిన్న ఆకుపచ్చ బోర్డు. బుడగని మెల్లిగా లాగితే ఊడొస్తుంది. లోపల గుండ్రటి లోహపు డబ్బీ, దానికి చిన్న నలుచదరపు కిటికీ. అసలు కన్ను అదే. ఆ బుడగ దుమ్ము పడకుండా పెట్టిన మూత కాదు, ఫ్రెనెల్ లెన్స్. ఎదుట ఉన్న జాగాని ముక్కలు ముక్కలుగా కోసి ఆ కిటికీ మీదకి తెస్తుంది. జంతువు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కదిలితే లోపలున్న రెండు చిన్న పలకల మీద పడే పరారుణ కిరణాలు మారతాయి. ఆ మార్పుని బోర్డు మీదున్న బీఐఎస్ఎస్0001 అనే చిప్ గమనించి అవుట్‌పుట్ కాలు మీద 3.3 వోల్టులు ఇస్తుంది. అంటే ఇది చూసేది వేడిని కాదు, వేడిలో మార్పుని. దీని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

వెనక రెండు నారింజ రంగు ప్రీసెట్లు, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మరలు, ఉంటాయి. ఒకటి ఎంత దూరం చూడాలో చెబుతుంది, సుమారు 3 నుంచి 7 మీటర్లు. రెండోది అవుట్‌పుట్ ఎంతసేపు నిలవాలో చెబుతుంది, 3 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా. కెమెరాకి రెండోదాన్ని పూర్తిగా తగ్గించేయాలి. పక్కనే మూడు పిన్నుల మీద పసుపు జంపర్ ఒకటి, హెచ్ అని ఎల్ అని రాసి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కెమెరా పని మొత్తం దీని మీదే ఉంటుంది. హెచ్‌లో పెడితే కదలిక ఉన్నంతసేపూ అవుట్‌పుట్ పైనే నిలుస్తుంది. మెట్ల లైటుకి అది బాగు. కెమెరా సింగిల్ షాట్‌లో ఉంటే మాత్రం జంతువు పావుగంట తిన్నా ఒక్క ఫోటోతో సరి. ఎల్‌లో పెడితే మూడు సెకన్లు నిలిచి పడిపోతుంది, ఇంకో రెండు మూడు సెకన్లు చెవిటిదైపోతుంది, తర్వాత మళ్ళీ వింటుంది. అలా జంతువు ఉన్నంతసేపూ ఆరు సెకన్లకో ఫోటో వస్తుంది. కెమెరాని కంటిన్యూయస్‌లో మాత్రం పెట్టొద్దు. 1200డి సెకనుకి మూడు ఫ్రేములు కొడుతుంది. మూడు సెకన్లంటే తొమ్మిది, ఒకే ఎలుక ఒకే భంగిమలో తొమ్మిదిసార్లు.

సర్క్యూట్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కెనాన్ చిన్న కెమెరాలకి పక్కన 2.5 ఎంఎం రిమోట్ రంధ్రం ఉంటుంది. జాక్ కొన షట్టర్, మధ్య వలయం ఫోకస్, మొదలు ఎర్త్. వలయాన్ని ఎర్త్‌కి కలిపితే బటన్ సగం నొక్కినట్టు, కొనని కలిపితే పూర్తిగా నొక్కినట్టు. బటన్ అంటే ఇంతే, రెండు తీగలు తాకించడం. ఆ తాకించే పని ఆప్టోకప్లర్ చేస్తుంది. దాని లోపల ఒకవైపు చిన్న ఎల్ఈడీ, రెండోవైపు వెలుగు పడితే కరెంటు పోనిచ్చే ట్రాన్సిస్టర్, మధ్యలో తీగ సంబంధం ఏమీ లేదు. సెన్సార్ వైపు ఏం తగలబడినా కెమెరా వైపు రాదు. రాత్రంతా వదిలేసే వస్తువు కదా, టెన్షన్ లేకుండా నిద్రపోవాలంటే ఇది ఉండాల్సిందే.

నేను చేసింది ఇది. నాలుగు పెన్సిల్ సెల్స్, అంటే 6 వోల్టులు, సెన్సార్‌కి. సెన్సార్ అవుట్‌పుట్ నుంచి 4.7కె రెసిస్టర్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి. ఎమిటర్ మైనస్‌కి. కలెక్టర్ పీసీ817 రెండో కాలికి. ఒకటో కాలికి ప్లస్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్. ఆ లెక్కన ఎల్ఈడీలో దాదాపు 10 మిల్లీఆంపులు పారుతుంది, అది చాలు. సెన్సార్ అవుట్‌పుట్‌ని ఆప్టోకప్లర్‌కి నేరుగా కలిపినా నడుస్తుందనేవాళ్ళున్నారు. నడవొచ్చు. కానీ ఆ అవుట్‌పుట్ చాలా నీరసం, రెండు రూపాయల ట్రాన్సిస్టర్ దగ్గర పిసినారితనం ఎందుకు? ఇక నాలుగో కాలు జాక్ కొనకీ వలయానికీ కలిపి, మూడో కాలు ఎర్త్‌కి. బీసీ547 చదునైన వైపు మీకేసి ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. వెరో బోర్డ్ అనే రంధ్రాల పలక చిన్న ముక్క మీద మొత్తం అగ్గిపెట్టె జాగాలో పట్టేస్తుంది.

కష్టం జాక్ దగ్గర వస్తుంది. మొబైల్ షాపుల్లో ఎక్కడ అడిగినా 3.5 ఎంఎం ఇస్తారు, 2.5 దొరకదు. ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పిస్తే స్టీరియో అని రాసి మోనో పంపారు. వలయమే లేదు. దానికి రిటర్న్ పెట్టి, వాపసు వచ్చేదాకా ఫోన్లు చేసి, ఆ గోలంతా అనవసరం. చవక రకం వైర్డ్ రిమోట్ ఒకటి కొని, బటన్ ఉన్న వైపు కోసేయండి. లోపల మూడు తీగలుంటాయి. రంగులు నమ్మొద్దు, కంపెనీకో రకం. మల్టీమీటర్ బజర్ మోడ్‌లో పెట్టి ఏ తీగ జాక్‌లో ఎక్కడికి వెళ్తుందో చూసుకోండి.

ఆప్టోకప్లర్ బదులు రిలే మాడ్యూల్, అంటే అయస్కాంతం లాగే స్విచ్, పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు. పెట్టొద్దు. 5 వోల్టుల రిలే కాయిల్ లాగినప్పుడల్లా 70 మిల్లీఆంపులు తాగుతుంది, పైగా టక్కుమంటుంది. రాత్రి పెరట్లో ఆ టక్కు చాలు, తొన వదిలేసి పరుగు. కెమెరా అద్దం చప్పుడు ఎలాగూ తప్పదు, దానికి ముందే ఇంకో చప్పుడు దేనికి? ఆప్టోకప్లర్ మాటా పలుకూ లేకుండా పని చేస్తుంది. సెన్సార్ ఊరికే కాపలా కాస్తున్నప్పుడు మిల్లీఆంపులో పదో వంతు కూడా తీసుకోదు కాబట్టి పెన్సిల్ సెల్స్ పనస సీజన్ మొత్తానికి సరిపోయాయి. చదరపు 9 వోల్టుల బ్యాటరీ వద్దు, డబ్బు దండగ.

ఇక ఈ సెన్సార్ మీద నాకున్న ఫిర్యాదులు.

పెద్ద ఫిర్యాదు దాని చూపు గురించి. ఇది సుమారు 110 డిగ్రీల వెడల్పున చూస్తుంది. కెమెరాతో వచ్చిన నా కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర 64 డిగ్రీలు, 35 దగ్గర అయితే 35 డిగ్రీలే. అంటే ఫ్రేములోకి రాని పిల్లి పక్కనుంచి పోతున్నా ఇది నొక్కేస్తుంది. ఉదయం కార్డు తీసి చూస్తే చెట్టు ఫోటోలు, చెట్టు ఫోటోలు, మళ్ళీ చెట్టు ఫోటోలు. దీనికి మందు అంగుళం పీవీసీ పైపు ముక్క. బుడగ చుట్టూ సరిగ్గా కూర్చుంటుంది. పైపు ఎంత పొడవుంటే చూపు అంత ఇరుకు. కొంచెం కొంచెంగా కోస్తూ, చెట్టు దగ్గర మనిషిని అటూ ఇటూ నడిపిస్తూ చూసుకోవాలి. మా ఇంట్లో నడిచింది అమ్మ. డబ్బా, తీగలు, పైపు చూసి "ఏట్రా ఇది, బాంబునాగుంది" అంది గానీ నడిచింది.

రెండోది దిక్కు. ఎదురుగా నడిచొచ్చే జంతువు కన్నా అడ్డంగా దాటే జంతువు దీనికి బాగా తెలుస్తుంది, లోపలి రెండు పలకలూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి. మరి నాకు కావలసింది చెట్టు మాను పట్టుకుని పైనుంచి కిందికి దిగేది. అందుకని మాడ్యూల్‌ని 90 డిగ్రీలు తిప్పి పెట్టాను. చేతిని పైకీ కిందికీ ఆడించి ముందు ఒకలా, తర్వాత ఇంకోలా పరీక్షిస్తే తేడా మీకే తెలుస్తుంది. ఏ సూచనల కాగితంలోనూ ఈ మాట ఉండదు. అసలు దీనితో కాగితమే రాదనుకోండి.

మూడోది ఎండ. జంతువు ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ తేడా ఉంటేనే దీనికి కనిపిస్తుంది. మే నెలలో మధ్యాహ్నం మా ఊళ్ళో గాలే ఒంటి వేడిని దాటేస్తుంది, అప్పుడు ఎదురుగా మనిషి నిలబడి చేతులూపినా పట్టించుకోదు. అదే ఎండకి కాగిన అరటాకు గాలికి ఊగితే మాత్రం నొక్కేస్తుంది. పగటికి పనికిరాదు అనేసుకోండి. రాత్రి పది దాటాక చెట్టు మాను చల్లబడితే దాని తెలివి తిరిగొస్తుంది. ఇంకోటి, సెల్స్ పెట్టిన మొదటి నిమిషం దానికి కుదురుండదు, ఊరికే నొక్కుతుంది. ఆ నిమిషం జాక్ పెట్టకుండా ఉంటే సరి.

వాన నుంచి కాపాడాలని గాజు సీసాలోనో అద్దం వెనకో పెట్టకండి. మామూలు గాజు మన కంటికే పారదర్శకం, ఒంటి వేడి విడిచే పరారుణ కిరణాలకి అది గోడ. స్వీట్ల ప్లాస్టిక్ డబ్బాకి రంధ్రం చేసి బుడగ మాత్రం బయటికి పెట్టాలి. మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు దిగితే నేనయితే మొత్తం పీకి లోపలికి తెచ్చేస్తాను. డబ్బా తడిస్తే వంద రూపాయలు, కెమెరా తడిస్తే కథ వేరు.

కెమెరా సెట్టింగులు త్వరగా చెప్పేస్తాను. మాన్యువల్ మోడ్, మాన్యువల్ ఫోకస్, పనస పండు మీద టార్చ్ వేసి ముందే ఫోకస్ చేసి వదిలేయాలి. ఆటో ఫోకస్‌లో ఉంచితే చీకట్లో లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, షట్టర్ పడదు. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, నిద్రలోంచి లేచేసరికి జంతువు వెళ్ళిపోతుంది. 1/200, ఎఫ్8, ఐఎస్ఓ 400. ఫ్లాష్ కెమెరా నెత్తి మీదున్నదే వాడితే కళ్ళు రెండు బల్బుల్లా వస్తాయి. స్టూడియోలో పాత ఫ్లాష్ ఉంటే స్లేవ్ యూనిట్‌కి, అంటే ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి దీన్ని వెలిగించే డబ్బీకి, తగిలించి పక్కన పెట్టండి, అసలు మెరుపుకి ముందొచ్చే ప్రీ-ఫ్లాష్‌ని పట్టించుకోని రకం అయి ఉండాలి, కెమెరా ఫ్లాష్ తగ్గించి వాడితే దాని మెరుపుకి ఇది వెలుగుతుంది. పాతదాన్ని నేరుగా కెమెరా హాట్‌షూ మీద, అంటే నెత్తి మీద ఫ్లాష్ తగిలించే చోట, మాత్రం ఎక్కించొద్దు. ఫిల్ము రోజుల ఫ్లాష్‌లలో కొన్నిటికి ఆ కాంటాక్ట్ మీద వంద వోల్టుల పైనే ఉంటుంది.

సరే, ఎవరు తిన్నారు? మొదట వచ్చింది మావయ్యగారి పిల్లి, ఊరికే వాసన చూసి పోయింది. తర్వాత ఎలుకలు, అమ్మ ముఖం వెలిగిపోయింది. కానీ అవి రాలిన గింజల దగ్గరే తిరిగాయి. గబ్బిలం కూడా వచ్చింది, మూల నుంచి రెక్క కొస మాత్రం దొరికింది. సెన్సార్ తేల్చుకుని, కెమెరా అద్దం లేచేలోగా అది ఫ్రేము దాటేసింది. వేగంగా కదిలేవాటికి ఇది పనికిరాదని అన్నది అందుకే. అసలు దొంగ తెల్లవారుజామున దొరికాడు. మాను మీద తలకిందులుగా, వెనక కాళ్ళతో బెరడు పట్టుకుని, బూడిద రంగు ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్లటి ముసుగు, ఒంటికి దీటైన తోక. మానుపిల్లి. ఆరు సెకన్ల తర్వాతి ఫోటోలో తొన నోట్లో పెట్టుకుని నేరుగా లెన్స్‌లోకే చూస్తోంది. షట్టర్ చప్పుడు వినపడింది, కానీ తొన వదల్లేదు. ఆ ఫోటో పెద్దది చేసి స్టూడియో గోడకి పెట్టాను. పెళ్ళి ఆల్బమ్ మాట్లాడడానికి వచ్చినవాళ్ళు ముందు దాని గురించే అడుగుతున్నారు.

మన దేశంలో ఈ పని కొత్తదేం కాదు. 1920లలోనే ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి శివాలిక్ అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టి, పులి తన కాలితో తానే తన ఫోటో తీసుకునేలా చేశాడు. మన దగ్గర తీగ పోయి పీఐఆర్ వచ్చింది, అంతే. 555 టైమర్ చిప్ మధ్యలో పెట్టి ఒక్క చిన్న పల్స్ ఇవ్వాలనే సరదా ఉంటే 47కె రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకోండి, అర సెకను వస్తుంది. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో గీసిన చిప్, ఇంకా పప్పు బెల్లాల ధరకే దొరుకుతోంది. సింగిల్ షాట్‌లో పెట్టేవాళ్ళకి మాత్రం దాని అవసరం లేదు.

రెడీమేడ్ ట్రైల్ కెమెరా కొనొచ్చు కదా అంటారేమో. కొనొచ్చు. వేలల్లో ఉంటుంది, వానకి తట్టుకుంటుంది, వారాల తరబడి చెట్టుకి వదిలేయొచ్చు. ఫోటో మాత్రం రాత్రయితే నలుపు తెలుపు, పరారుణ ఎల్ఈడీలతో తీసినది, గోడకి పెట్టుకునేలా ఉండదు. ఏం వచ్చిందో తెలిస్తే చాలంటే అది. మీసాలు లెక్కపెట్టాలంటే ఇది.

ఇప్పుడు మావయ్య దగ్గరికి వద్దాం. కోతులు కావని తేలాక ఆయనకి ఆశ పుట్టింది, కాశీనగర్ వైపు ఉన్న జీడితోటలో ఈ డబ్బా పెట్టమంటాడు. కుదరదన్నాను. ఈ వైపు జీడికీ పనసకీ ఎలుగుబంట్లు వస్తాయి, ఉద్దానం వాళ్ళని అడిగితే చెబుతారు. పెన్సిల్ సెల్స్ మార్చడానికో, డబ్బా తడుస్తోందనో రాత్రి తోటలోకి వెళ్ళే పని ఉండకూడదు. అలాంటి చోటికి ట్రైల్ కెమెరానే సరి, పగటిపూట కట్టి పగటిపూటే విప్పుకోవాలి. తోట దాటి రిజర్వ్ ఫారెస్టులోకి పోయి కట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, సరదాకి చేసే పని కాదు.

చివరికి ఆయనకి కెమెరా లేని సర్క్యూట్ ఒకటి చేసిచ్చాను, పశువుల పాక కోసం. అదే సెన్సార్, అదే బీసీ547, ఆప్టోకప్లర్, 470 ఓమ్‌ల రెసిస్టర్ తీసేసి వాటి జాగాలో ప్లస్‌కీ కలెక్టర్‌కీ మధ్య చిన్న బజర్. చేసుకునేవాళ్ళు 6 వోల్టుల బజర్ అని అడిగి తీసుకోండి. 12 వోల్టులది అంటగడితే నాలుగు సెల్స్ మీద గొంతు రాదు. జంపర్ ఈసారి హెచ్‌లో పెట్టాలి.